ఇంగ్లీషు వాచకము, ప్రక్కన కూర్చుండువాడు



జూన్ నెలలో తొలకరి పడి రైతులు విత్తనముల కొరకు తిరుగు దినములలో మన పల్లెలలో ఇంకొక తిరుగులాటయు మొదలగును. అది పిల్లల బడి పుస్తకముల కొరకు. రెండేండ్ల క్రిందట అట్టి ఒక సాయంకాలమున బల్మూరులో మా సంఘమునకు చెందిన ఒక సహోదరి రెండు సంచులు పట్టుకొని మా యింటికి వచ్చెను. ఒక సంచిలో పెద్ద కుమారుని కొరకు ఒక ప్రైవేటు పాఠశాలలో కొన్న పుస్తకములు. రెండవ సంచిలో చిన్న కుమార్తెకు సర్కారు బడిలో ఉచితముగా ఇచ్చిన పుస్తకములు. ఆమె రెంటిని మా అరుగుమీద పెట్టి ఇట్లడిగెను:

"అయ్యగారూ, ఈ కట్టకు ఆరువేలు పోసి కొన్నం. ఇవి పైసలు లేకుంట ఇచ్చిన్రు. పైసలు లేని దాంట్ల ఇంగ్లీషు ఉంటదా? ఎవలు రాసిన్రో, ఎవలు చూసిన్రో మాకేం తెలుస్తది?"

నేను ఆమెకు వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఏలయనగా ఆ పెద్దవానిని ప్రైవేటు పాఠశాలలో చేర్చుమని ఆమె భర్తకు సలహా చెప్పినవాడను నేనే. ఆ సలహా చెప్పునప్పుడు ఆ పుస్తకములలో ఒక్కదానినైనను నేను తెరచి చూడలేదు. గోడమీద ఇంగ్లీషు మీడియము అను మాట చూచితిని, అంతే. ఎవరు వ్రాసిరి, ఎవరు చూచిరి అను ఆమె ప్రశ్నలు నన్ను చాల దినములు విడువలేదు. కాబట్టి ఈ నెల ఆ ప్రశ్నల వెనుకనున్న చరిత్రను మీ ముందర పెట్టవలెనని తలంచితిని. ఇది దొరతనమువారి సంగతి, సంఘమునకెందుకని ఎవరును అనుకొనవద్దు. ఈ చరిత్రలో మన మిషను పెద్దలకును పాలు కలదు. అందులో వారు చేసిన మేలును కలదు, వారి పొరపాటును కలదు.

బడి పుస్తకమును ప్రభుత్వము పరీక్షించుట మన దేశములో అనాదినుండి వచ్చిన ఆచారము కాదు. వీధిబడిలో పంతులు ఇసుకలో దిద్దించినదియు, తాటాకుమీద వ్రాసి ఇచ్చినదియు పుస్తకమై యుండెను. ఏమి చెప్పవలెనో పంతులును ఊరి పెద్దలును తేల్చుకొనెడివారు. 1820లో మద్రాసులో స్కూల్ బుక్ సొసైటీ అను సంఘము ఏర్పడి బడుల కొరకు పుస్తకములు తయారుచేయించ నారంభించెను. అప్పటికిని ఈ పుస్తకమే చదువవలెనను కట్టడ లేదు.

1854లో సర్ చార్లెస్ వుడ్ ఇంగ్లండునుండి పంపిన విద్యా లేఖతో సంగతి మారెను. ప్రతి రాజధానికి ఒక విద్యాశాఖ, దానిమీద ఒక డైరెక్టరు, ఆయన క్రింద ఇన్‌స్పెక్టర్లు ఏర్పడవలెనని ఆ లేఖ నిర్ణయించెను. మిషను బడులకును, ఇతరుల బడులకును ప్రభుత్వము గ్రాంటు ఇచ్చును. అందుకు బదులుగా లౌకిక విద్యను ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షించును. మతము విషయములో ప్రభుత్వము ఏ పక్షమును పూనదు. మద్రాసు రాజధానిలో 1855లో ఆర్బత్‌నాట్ దొర మొదటి డైరెక్టరాయెను. గ్రాంటు వెళ్లిన చోటికి ఇన్‌స్పెక్టరు వెళ్లెను. ఇన్‌స్పెక్టరు వెళ్లిన చోటికి పరీక్ష వెళ్లెను. పరీక్ష వచ్చిన పిమ్మట ఏ పుస్తకములోనుండి అడుగుదురను మాట రాక తప్పదు గదా! ఆ విధముగా పుస్తకముల పట్టీ పుట్టెను.

ఇంగ్లీషు విషయములో మరియొక చిక్కు ఉండెను. తెలుగు వాచకమునకు తెలుగువాడే కావలెను. ఇంగ్లీషు వాచకము మాత్రము ఓడమీద దిగుమతి కాగలదు. ఐర్లండు దేశపు బడుల కొరకు అక్కడి విద్యాబోర్డువారు తయారుచేయించిన వాచకములు బ్రిటిషు సామ్రాజ్యములో చాల దేశములకు వ్యాపించి మన దేశమునకును వచ్చెను. వాటిని వ్రాసినవారు మన పిల్లలను మనస్సులో పెట్టుకొని వ్రాయలేదు. ఇక్కడి బాలుడు ఎన్నడును చూడని చెట్టును, ఎన్నడును తినని పండును, ఎన్నడును ఎరుగని చలిని గూర్చి చదివి కంఠస్థము చేయవలసివచ్చెను. మాటయు తెలియదు, మాట చూపు వస్తువును తెలియదు. రెండు తెలియనివి ఒకదానిమీద ఒకటి పెట్టిన యెడల పిల్లవానికి మిగులునది బరువు మాత్రమే.

ఈ స్థితిలో జాన్ మర్డాక్ అను మిషను పెద్ద ముందుకు వచ్చెను. ఆయన 1819లో స్కాట్లండు దేశమందలి గ్లాస్గోలో జన్మించి, 1844లో సింహళమునకు వచ్చి కాండీలో ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి, తరువాత ఆ ఉద్యోగము విడిచి క్రైస్తవ పుస్తకముల పనిలో తన జీవితకాలమంతయు గడిపెను. 1857 తిరుగుబాటు తరువాత 1858లో క్రిస్టియన్ వెర్నాక్యులర్ ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పడగా, ఆయన దాని ప్రతినిధిగా మద్రాసు కేంద్రముగా దేశమంతట సంచరించెను. ఆ సంఘమే 1891లో క్రైస్తవ సాహిత్య సంఘమను పేరు పొందెను. ఆయన 1904లో మద్రాసులోనే మరణించెను.

మర్డాక్ గారు ఊరకుండువాడు కాడు. బడులలో ఏమి చదివించుచున్నారో పుస్తకము వెంబడి పుస్తకము తెరచి చూచుట ఆయన అలవాటు. 1872లో ప్రభుత్వ బడులలోను విశ్వవిద్యాలయములోను చదివించు కొన్ని పుస్తకములలో విగ్రహారాధనయు, నీతికి సరిపడని మాటలును ఉన్నవని ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. మతము విషయములో ఏ పక్షమును పూనమని చెప్పిన ప్రభుత్వము తన డబ్బుతో ఇట్టివి నేర్పింపవచ్చునా అనునది ఆయన వాదము. ఆ మరుసటి సంవత్సరము, అనగా 1873లో, లార్డు నార్త్‌బ్రూక్ గారి ఇండియా ప్రభుత్వము అన్ని రాష్ట్ర ప్రభుత్వములకు ఆజ్ఞ పంపెను: కమిటీలు ఏర్పరచి బడి పుస్తకములను పరీక్షించి వాటి లోపములు చెప్పవలెను. ఆ కమిటీల నివేదికలను చూచుటకు 1877లో సిమ్లాలో మరియొక కమిటీ కూడి 1878లో తన నివేదికను సమర్పించెను. అటుపిమ్మట పాఠ్యపుస్తక కమిటీలు ఆయా రాజధానులలో వేరు పారెను.

ప్రియులారా, ఇక్కడ మనము నిలిచి న్యాయముగా ఆలోచింపవలెను. పిల్లవాని చేతికిచ్చు పుస్తకమును పెద్దవారు ముందుగా చదివి చూడవలెనని మర్డాక్ గారు పట్టుబట్టుట మంచిపని. బాలురకు తగనిది బాలురకు వద్దనుటయు మంచిపనియే. గాని ఆయన పొరుగువారి గ్రంథములను తూచిన తూనిక తన సంఘమువారి పుస్తకములకు పెట్టలేదు. ఆయన సంఘమువారును బడి వాచకములు అచ్చువేసి అమ్ముచుండిరి. వాటిలో క్రైస్తవ బోధ ఉండెను. ఒక హిందూ తండ్రి తన బిడ్డ చదువు వాచకములో తన యింటి విశ్వాసము దూషింపబడెనని బాధపడిన యెడల, ఆ బాధ మన బాధవంటిది కాదా? పుస్తకమును పరీక్షింపుమని ప్రభుత్వమును అడుగువాడు ముందు తన పుస్తకమును ఆ బల్లమీద పెట్టవలెను. ఈ మాట నేను మన పెద్దలను చిన్నబుచ్చుటకు చెప్పుటలేదు. వారి కష్టము లేకుండిన మన తాతలలో అనేకులకు అక్షరము వచ్చియుండదు. గాని వారి సంతానము వారికంటె ఒక్క మెట్టు న్యాయముగా నడచిననే వారికి ఘనత.

1882లో హంటర్ గారి అధ్యక్షతను ఏర్పడిన విద్యా కమిషనులో మద్రాసు క్రైస్తవ కళాశాల పెద్దయైన డాక్టరు విలియం మిల్లరు గారును సభ్యుడై యుండెను. అన్ని మతములవారును ఒప్పుకొనదగిన నీతి వాచకమొకటి కళాశాలల కొరకు వ్రాయించుటకు ప్రయత్నింపవలెనని ఆ కమిషను సిఫారసు చేసెను. వినుటకు సులభముగనే యుండెను. గాని కమిషను సభ్యులలోనే కాశీనాథ్ త్రింబక్ తెలంగ్ గారు దానికి సమ్మతింపలేదు; ప్రభుత్వమును దానిని చేపట్టలేదు. అందరికిని సరిపడు నీతి పుస్తకము వ్రాయుట అందరును అనుకొనినంత తేలిక కాదని దీనివలన తెలియుచున్నది.

ఇంగ్లీషు ఎప్పుడు మొదలుపెట్టవలెనను ప్రశ్నయు క్రొత్తది కాదు. 1904లో లార్డు కర్జన్ గారి ప్రభుత్వము ప్రకటించిన విద్యావిధానములో, బిడ్డకు మొదట మాతృభాషలో గట్టి పునాది పడవలెననియు, అటుతరువాతనే ఇంగ్లీషును భాషగా నేర్పవలెననియు చెప్పబడెను. ఆ మాట చెప్పినది ఇంగ్లీషువారి ప్రభుత్వమే యని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

ఇంతవరకు చెప్పినది చాలమట్టుకు కృష్ణకు తుంగభద్రకు ఆవలి సంగతి. అక్కడి కర్నూలు మద్రాసు రాజధానిలోనిది. ఈవలి వైపున నల్లమల అంచున ఉన్న మన బల్మూరు, అచ్చంపేట, నాగర్‌కర్నూలు, ఆ పైన పాలమూరు, ఇవన్నియు నిజాము ప్రభువుల రాజ్యములోనివి. అక్కడి కట్టడ వేరు, ఇక్కడి కట్టడ వేరు. అయినను ఇంగ్లీషు పుస్తకము మాత్రము నది దాటి వచ్చుచుండెను. హైదరాబాదులో 1887లో స్థాపింపబడిన నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను గనుక, మద్రాసువారు నిర్ణయించిన ఇంగ్లీషు పాఠములే అక్కడి విద్యార్థులకును పాఠములాయెను.

1917లో నిజాం ఉస్మాన్ అలీఖాన్ గారి ఫర్మానా వెలువడి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడెను. అక్కడ బోధనాభాష ఉర్దూ; ఇంగ్లీషు తప్పక చదువవలసిన భాష. ఇంగ్లీషులోని శాస్త్ర గ్రంథములను ఉర్దూలోనికి మార్చుటకు ఒక అనువాద శాఖయు ఏర్పడెను. భారతదేశపు భాషలో పెద్ద చదువు చెప్పవచ్చునని చూపిన ఘనత ఆ విశ్వవిద్యాలయమునకు చెల్లును. అయితే పాలమూరు పల్లెలోని బిడ్డ సంగతి ఏమి? ఇంటిలో తెలుగు. చిన్న తరగతులలో కొంత తెలుగు ఉన్నను పై చదువు ఉర్దూ. దానితోకూడ ఇంగ్లీషు. ఆ బిడ్డ ఇంగ్లీషు వాచకము తెరచినప్పుడు పంతులు దాని అర్థమును ఉర్దూలో చెప్పిన యెడల, బిడ్డ ఆ ఉర్దూను మరల తన మనస్సులో తెలుగు చేసికొనవలెను. ఒక బావి నీళ్లు త్రాగుటకు రెండు బావులు తోడినట్లుండెను.

ఆ కాలములో ఖాన్గీ పాఠశాల, అనగా ప్రైవేటు బడి, పెట్టుటకు సర్కారు అనుమతి కావలసియుండెను. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ మొదటి సమావేశము జరిగినప్పుడు దానికి అధ్యక్షత వహించినవారు మన పాలమూరు సీమవారైన సురవరం ప్రతాపరెడ్డి గారు. ఆయన 1926లో గోలకొండ పత్రికను స్థాపించినవారు. మాతృభాషలో చదువును, ప్రైవేటు బడులమీది నిర్బంధములను సడలించుటను ఆంధ్ర మహాసభవారు కోరుచు వచ్చిరి. నదికి ఆవల మర్డాక్ గారు ప్రభుత్వము పుస్తకమును మరింతగా చూడవలెనని అడిగెను. నదికి ఈవల ఆంధ్ర మహాసభవారు ప్రభుత్వము కొంత చేయి సడలింపవలెనని అడిగిరి. రెండును తప్పు కాదు. బొత్తిగా చూడని చేయియు బిడ్డకు మేలు కాదు. గొంతు పట్టుకొను చేయియు మేలు కాదు.

మన ప్రాంతములో సువార్త పని చేసిన మెనోనైట్ బ్రదరెన్ మిషనువారు నాగర్‌కర్నూలు మొదలగు చోట్ల బడులు నడిపిరి. పల్లెలలో సువార్తికుడే పంతులు. చెట్టు క్రిందనో, ప్రార్థన గుడిసెలోనో, దీపము ముట్టించిన తరువాత కూలి పనినుండి వచ్చిన పిల్లలను కూర్చుండబెట్టి అక్షరములు చెప్పెడివాడు. ఆ పంతులుకు ఇంగ్లీషు అంతంతమాత్రమే. అయినను ఆయన బిడ్డ ప్రక్కన కూర్చుండెను. దీనిని మరువకుడి; నేను మరల ఇక్కడికే వచ్చెదను.

స్వరాజ్యము వచ్చిన తరువాత పుస్తకమును పరీక్షించు ప్రభుత్వము మనదే ఆయెను. అప్పుడు క్రొత్త ప్రశ్న లేచెను. ప్రభుత్వము పుస్తకములను పరీక్షించి ఊరకుండవలెనా, తానే అచ్చువేయింపవలెనా? పంజాబు ప్రభుత్వము బడి పుస్తకములను తన చేతిలోనికి తీసికొని, గ్రంథకర్తలకు నూటికి ఐదు వంతులు ఇచ్చి హక్కును తాను ఉంచుకొనగా, పుస్తకముల వర్తకులు సుప్రీము కోర్టుకు వెళ్లిరి. 1955 ఏప్రిలులో కోర్టువారు తీర్పు చెప్పిరి: ఎవరైనను పుస్తకము అచ్చువేసి అమ్ముకొనవచ్చును, గాని తన పుస్తకమునే బడిలో పాఠ్యపుస్తకముగా పెట్టవలెనని అడుగు హక్కు ఏ వర్తకునికిని లేదు. రామ్ జవాయా కపూర్ గారి వ్యాజ్యమని దీనికి పేరు. రాష్ట్ర ప్రభుత్వములు పాఠ్యపుస్తకములను స్వయముగా ప్రకటించుటకు ఈ తీర్పు గట్టి ఆధారమాయెను.

అంతకు కొంచెము ముందు, 1952, 1953 సంవత్సరములలో, సెకండరీ విద్యా కమిషను పనిచేసెను. దాని అధ్యక్షులు డాక్టరు ఎ. లక్ష్మణస్వామి మొదలియారు గారు. ఆయన 1887లో మన పొరుగు కర్నూలులోనే జన్మించినవారు. పాఠ్యపుస్తకముల కొరకు ప్రతి రాష్ట్రములో ఒక ఉన్నత కమిటీ ఉండవలెననియు, అందులో హైకోర్టు న్యాయమూర్తి ఒకరు ఉండవలెననియు ఆ కమిషను చెప్పెను. ఏ తెగవారి మతభావములకును సాంఘిక భావములకును నొప్పి కలిగించు మాట ఏ పాఠ్యపుస్తకములోను ఉండరాదనెను. మర్డాక్ గారు ఒక వైపుననే చూచినదానిని ఎనుబది ఏండ్ల తరువాత ఈ కమిషను నాలుగు వైపుల చూచి చెప్పెను. ఇంకొక సంగతియు చెప్పెను. ఇతర విషయములలో ఒక్క పుస్తకమే ఉండవలెనను నిర్బంధము వద్దు; గాని భాషల విషయములో మాత్రము తరగతి తరగతికి నిశ్చయమైన వాచకము ఉండవలెను.

భాషకెందుకు ఈ వేరు నియమము? భాష నేర్చుట మోటబావిలోనికి మెట్లమీద దిగుటవంటిది. క్రింది మెట్టు పై మెట్టును ఆనుకొని యుండును. నడుమ ఒక్క మెట్టు లేకపోయిన యెడల పిల్లవాడు పడును. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ గారు వంగ బాలుర కష్టమును చూచి, 1920ల తరువాతి భాగమున క్రొత్త పద్ధతి వాచకములు తయారుచేసెను. ఎక్కువగా వాడబడు మాటలను ముందు పెట్టి, ఒక్కొక్క పాఠములో కొద్ది క్రొత్త మాటలను మాత్రమే తెచ్చి, వాటిని మరల మరల వాడి, బిడ్డ తనంతట తాను చదువునట్లు చేయుట ఆ వాచకముల రహస్యము. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీషు స్థాపింపబడి, ఇట్టి వాచకములు వ్రాయుటకును చెప్పుటకును దేశమంతటినుండి వచ్చిన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చెను. అది ఇప్పుడు ఇంగ్లీషు మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయమని పేరు పొందియున్నది. మెట్లు సరిగా కట్టబడినవో లేవో చూచుటయే ఇంగ్లీషు వాచకమును పరీక్షించువాని ముఖ్యమైన పని. బొమ్మలును రంగులును నునుపైన కాగితమును తరువాతి మాట.

ఇక నా సంగతి. 1981లో నేను ఆరవ తరగతి సర్కారు బడిలో చేరినప్పుడు మాకు ఇంగ్లీషు అక్షరములు మొదలుపెట్టిరి. సర్కారువారి వాచకము పలుచనిది, చవుకది. పుస్తకములో మెట్లు ఉండెను. గాని మాకు చెప్పిన పద్ధతి ఏమనగా, అయ్యవారు ఒక వాక్యము చదివి దాని తెలుగు చెప్పెదరు, మేము ఆ తెలుగును కంఠస్థము చేసెదము. పదవ తరగతి ముగియునాటికి పాఠములన్నిటి తెలుగు నాకు వచ్చెను, ఇంగ్లీషు రాలేదు. సెమినరీకి వెళ్లినప్పుడు ఇంగ్లీషు వ్యాఖ్యాన గ్రంథము తెరచి మొదటి పుటవద్దనే కన్నీళ్లు విడిచితిని. నాకంటె రెండేండ్లు పెద్ద తరగతివాడైన ఒక సహోదరుడు ప్రతి రాత్రియు ఒక గంట నా ప్రక్కన కూర్చుండి, నేనే చదువునట్లు, నేనే అర్థము చెప్పునట్లు చేసెను. నాకు ఇంగ్లీషు నేర్పినది ఆ గంట.

నా బాల్యము తరువాత కట్టడలు చాల మారెను. 2009లో పార్లమెంటు విద్యాహక్కు చట్టమును చేసెను. అది 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ప్రాథమిక విద్యలో ఏమి నేర్పవలెనో నిర్ణయించుటకు ప్రతి ప్రభుత్వమును ఒక విద్యాసంస్థను నియమింపవలెననియు, సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో ఉండవలెననియు అందులో కలదు. తెలంగాణలో ఆ పని రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థది. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడెను. 2018లో అన్ని బడులలోను తెలుగు తప్పక నేర్పవలెనని చట్టము వచ్చెను. 2022 జూన్‌లో మొదలైన విద్యా సంవత్సరమునుండి సర్కారు బడులలో ఒకటినుండి ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషు మీడియము ప్రవేశపెట్టబడెను. దానితోకూడ గణితము, విజ్ఞానము మొదలగు పుస్తకములు రెండు భాషలలో అచ్చువేయబడెను. ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో అదే పాఠము ఇంగ్లీషులో.

పొరుగు ఆంధ్రప్రదేశములో 2019 నవంబరులో ప్రభుత్వము ఇంగ్లీషు మీడియమును తప్పనిసరి చేయుచు ఉత్తరువు ఇచ్చెను. 2020 ఏప్రిలు 15న అక్కడి హైకోర్టువారు దానిని కొట్టివేసిరి. ఏ భాషలో చదువవలెనను విషయములో బిడ్డకును తలిదండ్రులకును గల హక్కును గూర్చి అక్కడ గొప్ప వాదము జరిగెను. 1904లో లేచిన ప్రశ్న ఇంకను మన ఇండ్లముందరనే నిలిచియున్నదని దీనివలన గ్రహింపవచ్చును.

ఇప్పుడు ఆ సహోదరి రెండు సంచులయొద్దకు వత్తము. ఆమె వెళ్లిన తరువాత ఆ పుస్తకములను రెండు రాత్రులు మా యింటనే ఉంచుకొని చదివితిని. సర్కారు పుస్తకపు మొదటి పుటలలో వ్రాసినవారి పేళ్లు, సరిచూచినవారి పేళ్లు వరుసగా ఉన్నవి. అందులో సర్కారు బడి ఉపాధ్యాయులు కలరు. ఎవరు వ్రాసిరి, ఎవరు చూచిరి అని ఆమె అడిగినదానికి జవాబు ఆ పుస్తకములోనే అచ్చై యున్నది. ప్రైవేటు కట్టలో కొన్ని పుస్తకములు చక్కగానే యున్నవి. కొన్నిటిలో వ్రాసినవారి పేరు తప్ప చూచినవారి పేరు లేదు. రెండవ తరగతి బిడ్డకు వ్రాసిన ఒక పాఠములో నాకే నిఘంటువు కావలసి వచ్చెను. వెల ఎక్కువైనంత మాత్రమున మెట్లు సరిగా ఉన్నవని చెప్పుటకు లేదు. ఉచితముగా వచ్చినంత మాత్రమున లోపల ఏమియు లేదని చెప్పుటకును లేదు.

అయితే సంగతి ఇంతటితో ముగియలేదు. మూడవ దినమున ఇద్దరు పిల్లలను పిలిచి చెరియొక పుట చదివించితిని. పెద్దవాడు గడగడ చదివెను. అర్థమడిగిన యెడల తల వంచుకొనెను. చిన్నది తన సర్కారు పుస్తకములో మూడు మాటలు కూడబలుకుకొని నాలుగవదానివద్ద ఆగిపోయెను. ఒకనికి ఆరువేల పుస్తకము, ఒకతెకు ప్రభుత్వము పరీక్షించిన పుస్తకము. ఇద్దరికిని అర్థము లేదు. ఆ దినమున నేను సిగ్గుపడితిని.

అపొస్తలుల కార్యములలో ఐతియొపీయుల రాణియొద్ద ఉద్యోగియైన ఆ గొప్పవానిని జ్ఞాపకము చేసికొనుడి. ఆయనకు చదువు వచ్చును. రథము కలదు, ధనము కలదు. చేతిలో యెషయా గ్రంథము కలదు. దానికంటె మంచి గ్రంథము ఎక్కడ దొరకును? అయినను ఫిలిప్పు రథముప్రక్కకు పరుగెత్తివచ్చి, అర్థమగుచున్నదా యని అడుగువరకు ఆ గ్రంథము ఆయనకు మూయబడినట్లే యుండెను. ఆయన తగ్గించుకొని ఫిలిప్పును ఎక్కించుకొని ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను. గ్రంథము మారలేదు. ప్రక్కన ఒకడు కూర్చుండెను, అదియే భేదము.

నూట యాబది ఏండ్లుగా మన దేశములో పుస్తకములో ఏమి ఉండవలెను, ఎవరు అచ్చువేయవలెను, ఏ భాషలో ఉండవలెను అని కమిటీలు కూడెను, కోర్టులు తీర్పు చెప్పెను. అవి అవసరమైన పనులే. మంచి పుస్తకమును ఏర్పరచి బిడ్డ చేతిలో పెట్టువరకు ప్రభుత్వము చేయగలదు. ఆ తరువాతి గంటను ఏ ఉత్తరువును నింపలేదు. బడిలో ఉపాధ్యాయులు తమ శక్తికొలది చేయుచున్నారు; కొన్ని చోట్ల ఒక్కరే రెండు మూడు తరగతులు చూచుచున్నారు. 2011 జనాభా లెక్కలలో మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యత నూటికి సుమారు 55 మాత్రమే. అప్పటి ఆంధ్రప్రదేశపు జిల్లాలన్నిటిలో అదే అతి తక్కువ. ఇంటిలో చదివి చెప్పువారు లేని బిడ్డలు మన మధ్య ఎందరున్నారో మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

అందుచేత మా సంఘమువారు ఒక చిన్న పని మొదలుపెట్టిరి. వారమునకు నాలుగు సాయంకాలములు ప్రార్థనాలయపు తలుపు తెరచి దీపము పెట్టి పిల్లలను కూర్చుండబెట్టుచున్నాము. పదవ తరగతి దాటిన యౌవనస్థులు ఒక్కొక్కరు ఇద్దరేసి పిల్లల ప్రక్కన కూర్చుందురు. క్రొత్త పుస్తకము ఏదియు కొనలేదు. బడిలో ఇచ్చిన పుస్తకమే. పిల్లవాడే చదువవలెను, పిల్లవాడే అర్థము చెప్పవలెను. ప్రక్కనున్నవాడు ఆగిన చోట మాత్రము చేయి అందించును. ఇంకొక నియమము పెట్టితిమి. ఊరిలోని ఏ యింటి బిడ్డయైనను రావచ్చును. ఆ గంటలో మతబోధ చేయరాదు, పిల్లల పుస్తకముల సంచిలో కరపత్రము పెట్టరాదు. ఒక పెద్దాయన ఇందుకు నామీద కొంత నొచ్చుకొనెను. మర్డాక్ గారి చరిత్ర ఆయనకు చెప్పితిని. మన బిడ్డ సంచిలో ఇతరులు ఏమి పెట్టకూడదని మనము కోరుదుమో, ఇతరుల బిడ్డ సంచిలో మనమును అది పెట్టకూడదు గదా! ఆయన ఆలోచించి ఒప్పుకొనెను. ఇప్పుడు ఆయనయే దీపము ముట్టించుచున్నాడు.

తలిదండ్రులారా, మీతో రెండు మాటలు. ప్రైవేటు బడి చెడ్డదనియు సర్కారు బడి మంచిదనియు నేను తీర్పు చెప్పుటలేదు. ఏ బడియైనను మీ యిష్టము. గాని ఎద్దులు అమ్మి, మిత్తికి తెచ్చి పుస్తకముల కట్ట కొనునప్పుడు కట్ట మందమును చూడవద్దు. తెరచి మొదటి పుటలో ఎవరు వ్రాసిరో, ఎవరు చూచిరో చదివించుకొనుడి. తరువాత మీ బిడ్డచేత నడిమి పుట ఒకటి చదివించి దాని భావమును మన తెలుగులో చెప్పుమని అడుగుడి. మీకు ఇంగ్లీషు రాకపోయినను బిడ్డ తెలుసుకొని చెప్పుచున్నదో, ఊరక వల్లించుచున్నదో మీ చెవికి తెలిసిపోవును. మీకు తెలుగు చదువు వచ్చిన యెడల, రెండు భాషల పుస్తకము మీ కొరకును అచ్చువేయబడినదని తెలిసికొనుడి. తెలుగు పుట మీరు, ఇంగ్లీషు పుట బిడ్డ.

మొన్న డిసెంబరులో పత్తి తీతలు ముగిసిన తరువాత ఒక రాత్రి నేను ఆ సహోదరి యింటిమీదుగా వెళ్లుచుంటిని. వాకిట్లో తల్లియు చిన్న కుమార్తెయు గణితపు పుస్తకము ముందు పెట్టుకొని కూర్చుండియుండిరి. తల్లి తెలుగు పుటలోని లెక్కను కూడబలుకుకొని చదువుచుండెను. బిడ్డ ఎదురు పుటలో దానినే ఇంగ్లీషులో చదువుచుండెను. పెద్దవాడు గడపలో కూర్చుండి ఇద్దరిని దిద్దుచుండెను. నన్ను చూచి ఆమె నవ్వి, "అయ్యగారూ, దీంట్ల ఇంగ్లీషు ఉన్నది. నాకు గుడ నాలుగు ముక్కలు వచ్చినయి" అనెను.

నేను ఏమియు చెప్పక, చెప్పులు విడిచి, వారి ప్రక్కన కాసేపు కూర్చుంటిని.